మ్యూట్‌లో ఉన్న జనానికి జోకు చెప్పడం: కామెడీ పని మీద అపోహలు - వాస్తవాలు

2021 జులై 11న గోల్కొండ బోనాలు మొదలైన ఆదివారం, లంగర్‌హౌజ్‌లో మా అమ్మవాళ్ళింటికి వెళ్ళాం. అన్నాలు తింటుంటే మా పెద్దనాన్న "ఏం బిడ్డా, షోలన్నీ బందాయె, ఏడాదిన్నర సంది ఖాళీగనే ఉన్నవ్, ఇగనన్నా ఏదన్నా మంచి నౌకరి చూస్కోరాదు" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు, ఆయన్నేం అనలేను. కానీ సరిగ్గా అప్పుడే పక్కన పెట్టిన ఫోన్ ఆగకుండా మోగుతోంది. ఒక ఐటీ కంపెనీ హెచ్ఆర్ అమ్మాయి శుక్రవారం జూమ్ షో గురువారానికి జరపొచ్చా అని, డబ్బింగ్ ఇంచార్జ్ ఒక ఎపిసోడ్ రాత్రికే కావాలని, వెబ్ సిరీస్ వాళ్ళు మూడో ఎపిసోడ్ మళ్ళీ మార్చాలని (షూటింగ్ "వచ్చే నెలే" అని చెప్పడం ఇది నాలుగోసారి), ఒక పెళ్ళివాళ్ళు సంగీత్ యాంకరింగ్ ఉంటదో లేదో గెస్టుల లిస్టు తేలాక చెప్తామని. ఇవి కాక ఫ్రెండ్స్‌తో నడిపే యూట్యూబ్ ఛానల్ ఒకటి. ఐదు పనులు, ఐదింట్లో ఒక్కదానికి కూడా గట్టి డేట్ లేదు. దీన్ని ఆయన ఖాళీ అంటున్నాడు, నేనేమో పరేషాన్ అంటున్నా.

2014లో ఓపెన్ మైక్‌లతో (ఎవరైనా స్టేజీ ఎక్కి కొత్త జోకులు చెప్పి చూసుకునే షోలు) స్టాండప్ కామెడీ మొదలుపెట్టా, అంతకుముందు కాలేజీలో మిమిక్రీ. ఈ ఏడాదిన్నరలో విన్న మాటల్లో కొన్నిటికి నోటితో జవాబు చెప్పీ చెప్పీ అలసిపోయా, అందుకే రాసి పెడుతున్నా, ఇకనుంచి అడిగినవాళ్ళకి ఇదే పంపిస్తా.

అపోహ: లాక్‌డౌన్‌లో బోలెడు టైమ్ దొరికింది, రెండు గంటల షోకి సరిపడా రాసుకునుంటావ్.

టైమ్ దొరికిన మాట నిజమే. 2020 మార్చిలో ముందు సినిమా హాళ్ళు, పబ్బులు మూశారు, వారం తిరిగేసరికి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. నా డైరీలో మార్చి, ఏప్రిల్ కలిపి తొమ్మిది షోలుండేవి, మూడు రోజుల్లో అన్నీ వాట్సాప్‌లోనే కొట్టుకుపోయాయి, ఫోన్ చేసి చెప్పింది ఇద్దరే.

కానీ జోకు రాయడమంటే టేబుల్ ముందు కూర్చుని రాసేది పావు వంతే. ఇరవై రాస్తే స్టేజీ మీద నాలుగు పేలతాయి, ఆ నాలుగింట్లో కూడా ఏ మాట ముందు రావాలి, ఎక్కడ ఆగాలి అనేది జనం నవ్వు విని మార్చుకుంటూ పోతాం. నా మటుకు నాకు పది నిమిషాల సెట్ (వరసగా చెప్పే జోకుల మూట) గట్టిపడాలంటే పాతిక ఓపెన్ మైక్‌లన్నా పడతాయి. లమకాన్ (బంజారాహిల్స్‌లో ప్రోగ్రాములు జరిగే చోటు) మెట్ల మీద సమోసా తింటూ విన్న మాట, అమీర్‌పేట్ మెట్రోలో లేడీస్ కోచ్‌లో ఇద్దరు ఆంటీలు కోడళ్ళ గురించి చేసుకున్న పంచాయితీ, ఇదీ నా ముడిసరుకు. మెట్రో 2020 సెప్టెంబర్ 7 దాకా నడవలేదు. ఇంట్లో నాకున్న ఆడియెన్స్ మా అత్తమ్మ ఒక్కతే. మొదటి వారం పాపం మర్యాదకి నవ్వింది. రెండో వారం నోరు తెరవగానే "ఇది నిన్న చెప్పినవ్ గదా" అంది. మూడో వారం నుంచి నేను వంటింట్లోకి వస్తుంటే టీవీ సౌండ్ పెంచడం మొదలుపెట్టింది.

ఆ మూడు నెలల్లో రాసిన నోట్‌బుక్ ఇప్పుడు చూస్తే పనికొచ్చేది ఒక పేజీ ఉంటుందేమో. రాయడం రాక కాదు, ఏది బాగుందో చెప్పేవాళ్ళు లేక.

అపోహ: ఆన్‌లైన్ షో అంటే ఇంట్లో కూర్చుని మాట్లాడటమే కదా, ట్రావెల్ లేదు, సగం రేటుకి చేసేయ్.

దీని మీద కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే ఈ మాట నా పొట్ట మీద కొట్టింది.

స్టేజీ మీద పంచ్ వేశాక నవ్వు మొదలై, పెరిగి, దిగడం మొదలయ్యే చోట తర్వాతి మాట అందుకోవాలి. మొత్తం ఆగేదాకా ఆగితే హాల్ చల్లబడుతుంది, ముందే అందుకుంటే నవ్వుతున్నవాళ్ళకి మాట వినపడదు. ఈ లెక్క ఎవరూ నేర్పరు, చెవికి అలవాటవుతుంది అంతే. జూమ్‌లో ముందు ఆ చెవే పోయింది. అందరూ మ్యూట్. నువ్వు పంచ్ వేస్తావ్, నిశ్శబ్దం, నాలుగు సెకన్ల తర్వాత చాట్‌లో పసుపు రంగు నవ్వు బొమ్మ ఒకటి. అది ఏ జోకుకి వచ్చిందో దేవుడికే తెలియాలి.

మ్యూట్ తీసెయ్యమంటే సరిపోతుంది కదా అనుకున్నా మొదట్లో. సరిపోలేదు. మా మరిది నెట్‌వర్క్ ఇంజనీర్, అతను చెప్పాడు, మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకుండా ఉంటే సంభాషణ మామూలుగా సాగుతుందని ఫోన్ లైన్లకి అంతర్జాతీయ ప్రమాణం ఉందట. మా మోతీనగర్ అపార్ట్‌మెంట్‌లో ఒకే వైఫై మీద మా ఆయన ఆఫీస్ మీటింగు, పాప ఆన్‌లైన్ క్లాసు, నా షో నడుస్తుంటే ఆ ప్రమాణం ఏ మూలకి పోయుంటుందో మీరే ఊహించుకోండి. పైగా ఈ యాప్‌లు తయారైంది మీటింగుల కోసం, కాబట్టి ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళ చప్పుడు తగ్గించేస్తాయి. కుక్క అరుపు, ఫ్యాన్ చప్పుడు, మనిషి నవ్వు, వాటికి మూడూ ఒకటే. నా నవ్వుల్ని సాఫ్ట్‌వేర్ ఊడ్చి పారేస్తోందని నాకు అర్థమయ్యేసరికి ఎనిమిది షోలు అయిపోయాయి.

తర్వాత తర్వాత కొన్ని కిటుకులు దొరికాయి, కొత్తగా చేసేవాళ్ళకి పనికొస్తాయని చెప్తున్నా. వెబినార్ మోడ్‌లో షో ఒప్పుకోవద్దు, అందులో జనం మొహాలు కూడా కనపడవు, మీటింగ్ మోడే కావాలనండి. సెట్టింగ్స్‌లో ఒరిజినల్ సౌండ్ అని ఉంటుంది, అది ఆన్ చేసుకుంటే మీ వైపు గొంతు ఎక్కువతక్కువలు అవతలివాళ్ళకి బాగా చేరతాయి. గట్టిగా నవ్వే అలవాటున్నవాళ్ళని ఎనిమిది పదిమందిని హెచ్ఆర్‌నే ముందుగా ఏరమనండి, వాళ్ళు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మ్యూట్ తీసి ఉండాలి. ప్రతి ఆఫీసులో అలాంటోడు ఒకడుంటాడు, వాడి నవ్వుకే మిగతావాళ్ళు నవ్వుతారు, ఆ రోజుకి వాడే మన దేవుడు. గ్యాలరీ వ్యూలో పేజీకి 25 మొహాలు కనపడతాయి, చెవి పని కళ్ళతో చేయించుకోవాలి, భుజాలు ఊగుతున్నాయా లేదా చూస్తూ పోవడమే. ఇక స్టేజీ మీద 45 నిమిషాల సెట్ ఇక్కడ 25కి కోసెయ్యాలి, కథలాంటి పెద్ద జోకులు తీసేసి పొట్టివి పెట్టాలి, అంటే దాదాపు కొత్త షో రాసినట్టే. ఇంత పని చేస్తే, పెట్రోల్ ఖర్చు లేదు కదా అని సగం రేటు!

ఇంకో సంగతి మర్చిపోయా. ఒకసారి అత్తాకోడళ్ళ గొడవ బిట్ చేస్తున్నా, రెండు గొంతులూ నావే, అరుపులు. ఐదు నిమిషాల్లో డోర్‌బెల్. పక్క ఫ్లాట్ ఆంటీ మాస్కుతో నిలబడి మా అత్తమ్మతో "ఏమైంది వదినా, అంతా మంచిదేనా, లాక్‌డౌన్‌ల అందరిళ్ళల్ల ఇట్లనే ఉన్నది" అంటోంది. అత్తమ్మ సమాధానం మొత్తం నా మైక్‌లో పడింది. ఆ షోలో పేలిన ఒకే ఒక్క పంచ్ అదే, అదీ నాది కాదు.

అపోహ: కరోనా వచ్చాక మీకు కంటెంట్ పండగే.

2020 ఏప్రిల్‌లో నేనూ అలాగే అనుకున్నా. డాల్గోనా కాఫీ, ఇంట్లో హెయిర్ కటింగ్, పోలీసు లాఠీ, వర్క్ ఫ్రమ్ హోమ్‌లో పైన చొక్కా కింద లుంగీ. మే 6న వైన్ షాపులు తెరిచిన రోజు ఆ క్యూలు, ఎండలో గొడుగులు, ఆ క్రమశిక్షణ చూసి అరగంటలో పది జోకులు రాశా. సాయంత్రానికి చూస్తే ఆ పదీ నా వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నాయి, నాకంటే బాగా. అనుభవం అందరికీ ఒకటే అయితే జోకూ అందరికీ ఒకేసారి తడుతుంది, అప్పుడు ఇంక నేనెందుకు? పైగా ఇవి పాలప్యాకెట్ లాంటివి, పొద్దుటిది సాయంత్రానికి పులుస్తుంది. వెబ్ సిరీస్ మొదటి ఎపిసోడ్‌లో నేను రాసిన శానిటైజర్ సీను షూట్ అయ్యేలోపే మూడుసార్లు పాతబడింది, చివరికి డైరెక్టర్ గారికి నేనే చెప్పి తీయించేశా.

రెండో వేవ్‌లో అసలు ఆ వైపుకే పోలేదు. 2021 ఏప్రిల్ 20 నుంచి రాత్రి కర్ఫ్యూ, మే 12 నుంచి మళ్ళీ లాక్‌డౌన్, పొద్దున ఆరు నుంచి పదింటి దాకే సడలింపు. ఫోన్ తీస్తే బెడ్ ఉందా, ఆక్సిజన్ సిలిండర్ ఎక్కడ దొరుకుతుంది. ముందే ఒప్పుకున్న షో ఒకటి మే మొదటి వారంలో ఉండింది, వద్దంటే అడ్వాన్స్ వెనక్కివ్వాలి, చేశాను. ఆస్పత్రి గురించి రెండేళ్ళ కిందటి పాత బిట్ ఒకటి అలవాటులో వచ్చేసింది, కరోనాకి దానికి సంబంధం కూడా లేదు. చాట్‌లో ఒకతను "మేడమ్, నాన్న ఐసీయూలో ఉన్నారు, నవ్వుదామనే జాయిన్ అయ్యా, ఈ ఒక్క టాపిక్ వదిలేయండి ప్లీజ్" అని పెట్టాడు. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు పెట్టాడు. వదిలేశా, వదిలేసి ఏం మాట్లాడానో కూడా గుర్తులేదు. ఆ తర్వాతి నుంచి ప్రతి షోకి ముందు టీమ్‌లో ఎవరింట్లోనైనా ఏమన్నా జరిగిందా అని అడిగి కనుక్కుంటున్నా. విషాదం మీద జోకు వేయకూడదని నేననను, ఎవరికి వాళ్ళు తమ కష్టం మీద వేసుకోవచ్చు. ఎదుటివాళ్ళ కష్టం ఇంకా నడుస్తుండగా డబ్బులు తీసుకుని నేను వేయడం మాత్రం నాకు చేతకాదు.

అపోహ: నాలుగైదు ప్రాజెక్టులు చేతిలో ఉన్నాయంటే బిందాస్.

ఇది మా ఫీల్డ్‌లోకి కొత్తగా వచ్చిన పిల్లలే ఎక్కువ నమ్ముతారు. "అక్కా, నీకేంటక్కా, వెబ్ సిరీసూ నువ్వే, డబ్బింగూ నువ్వే" అంటారు. చేతిలో ఉండటం వేరు, చేతికి రావడం వేరు తమ్ముడూ.

నేను ఒక పెద్ద రూళ్ళ పుస్తకం పెట్టుకున్నా. పని పేరు, ఎవరు, అడ్వాన్స్ ఎంత, డేట్. అడ్వాన్స్ పడిన పని పెన్నుతో, నోటి మాటవి పెన్సిల్‌తో. 2020 మొత్తం చూస్తే పెన్సిల్‌వి ముప్పై ఒకటి, పెన్నువి పదకొండు. ఆ పదకొండులో ఒకటి, నవ్వకండి, జీహెచ్‌ఎంసీ ఎన్నికలు. డిసెంబర్ 1 పోలింగ్, నవంబర్‌లో ప్రచారం ఆటోలకి రికార్డు గొంతులు కావాలన్నారు, రెండు పార్టీలకి చేశా, ఏవో చెప్పను, ఒకే గల్లీలో ఎదురుపడి నేను నన్నే తిట్టుకున్నట్టయింది. ఆ డబ్బుతోనే రెండు నెలల ఈఎమ్ఐ కట్టింది.

డబ్బింగ్ కూడా అంతే, అదృష్టం కొద్దీ ఇంటి నుంచే దొరికింది. అల్మారాలో బట్టల మధ్య మైక్, నెత్తి మీద దుప్పటి, మే నెలలో ఫ్యాన్ బంద్. పగలు కుక్కర్ విజిల్స్, పొద్దున్నే స్వచ్ఛ ఆటో (చెత్త బండి) పాట, అందుకని రాత్రి ఒంటిగంట నుంచి మూడు దాకా చెప్పేదాన్ని. కామెడీ పాత్రలకి అరుపులుంటాయి కదా, అవి దుప్పట్లో మూతి పెట్టి అరవాలి. పక్క ఫ్లాట్ ఆంటీ గురించి పైన చెప్పా కాబట్టి కారణం మీకర్థమైపోయుంటుంది.

అసలు ఇబ్బంది ఎక్కడంటే, ఆగిన పనులన్నీ ఒకేసారి లేస్తాయి. నెలల తరబడి చప్పుడుండదు, సడలింపు వార్త రాగానే ఒకే వారం అందరికీ నువ్వే కావాలి, ఒకరికి నో అంటే వాళ్ళు ఇంకోళ్ళని పెట్టుకుంటారు, ఎస్ అంటే మళ్ళీ వాయిదా పడి రెండూ పోతాయి. నాకు ఏప్రిల్‌లో అదే జరిగింది, షూట్ ఉందని డబ్బింగ్ వదులుకున్నా, యూనిట్‌లో ఇద్దరికి పాజిటివ్ వచ్చి షూట్ ఆగింది, డబ్బింగ్ వేరే అమ్మాయికి పోయింది. ఇప్పుడైతే ఏ డేట్ ఇచ్చినా వాయిదా పడితే మళ్ళీ డేట్ ఇచ్చే బాధ్యత నాది కాదని మెసేజ్‌లో ముందే రాసి పంపుతా. మొహమాటపడితే మనకే బొక్క.

కాగితాల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. చాలామంది రైటర్లు అనుకునేదేంటంటే, అడ్వాన్స్ తీసుకున్నాం కాబట్టి ఆగిపోయిన స్క్రిప్టు ఇక ప్రొడ్యూసర్‌దే అని. అలా కాదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, మనం జీతానికి పనిచేసే ఉద్యోగులం కాకపోతే, రాసినవాళ్ళే మొదటి హక్కుదారు. ఆ హక్కు ప్రొడ్యూసర్‌కి పోవాలంటే సంతకంతో రాతపూర్వకంగా ఉండాలి, 19వ సెక్షన్. అందులో కాలం రాయకపోతే ఐదేళ్ళు అని లెక్క, ఎక్కడెక్కడ అని రాయకపోతే ఇండియా వరకే. ఏడాదిలోపు వాళ్ళు ఆ హక్కు వాడకపోతే, అగ్రిమెంట్‌లో వేరేగా లేకపోతే, అది రద్దయినట్టే. ఆగిన ప్రాజెక్టులున్నప్పుడు ఆ "వేరేగా లేకపోతే" అన్న ముక్క కోసమే అగ్రిమెంట్ మొత్తం చదవాలి. ఒక్క ఐడియా మాత్రం ఎవరి సొత్తూ కాదు, 1978లోనే సుప్రీంకోర్టు చెప్పింది, అందుకే కాఫీ టేబుల్ దగ్గర లైన్ చెప్పేసి రాకుండా రాసి మెయిల్ చేయండి, తేదీ అన్నా మిగులుతుంది.

టీడీఎస్ (ఫీజు ఇచ్చేటప్పుడే కోసే ట్యాక్సు) కూడా చూసుకోండి. మామూలుగా మన ఫీజులో పది శాతం కోస్తారు, 2020 మే 14 నుంచి 2021 మార్చి 31 దాకా దాన్ని ఏడున్నర చేశారు. నాకు ఒక ఈవెంట్ కంపెనీ కోత అయితే కోసింది, ఫారం 26ఏఎస్ (మన పేరు మీద ఎంత ట్యాక్సు కట్టారో చూపే కాగితం) తీసి చూస్తే గవర్నమెంటుకి కట్టినట్టు లేదు, పదకొండు ఫోన్లు చేస్తే కట్టారు. రిటర్నులు వేసేలోపు మీరూ ఒకసారి తీసి చూడండి.

అపోహ: యూట్యూబ్ ఉందిగా, వ్యూస్ వస్తే డబ్బులే డబ్బులు.

తొందరగా ముగిస్తా. 2021లో యాడ్స్ డబ్బులు రావాలంటేనే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వాచ్ టైమ్ ఉండాల్సి వచ్చేది. అంటే 2,40,000 నిమిషాలు. మా స్కిట్ నాలుగు నిమిషాలైతే జనం సగటున రెండు నిమిషాలు చూస్తారు, కాబట్టి లక్షా ఇరవై వేల వ్యూస్ దాకా రూపాయి రాదు. దాటాక కూడా వంద డాలర్లు పోగయ్యేదాకా బ్యాంకులో పడదు. మేం నలుగురం, పంచుకోవాలి. ఛానల్ నా విజిటింగ్ కార్డు అంతే, దాన్ని చూసి డబ్బింగ్ వాళ్ళు పిలిచారు, అందుకే ఆపట్లేదు.

అపోహ: ఈ స్టాండప్ అంతా బయటి నుంచి వచ్చిన సరదా, నాలుగేళ్ళు ఆగినా పోయేదేం లేదు.

మైకూ, స్టూలూ బయటివే అనుకోండి. కానీ తోలుబొమ్మలాటలో కేతిగాడు చేసేదేంటి? రామాయణం నడుస్తుంటే మధ్యలో దూరి, బంగారక్కతో గొడవపడి, ఆ ఊరి పెద్దమనుషుల మీద నాలుగు విసుర్లు విసిరిపోతాడు. చిందు యక్షగానంలో బుడ్డర్‌ఖాన్ కూడా అంతే, ముందున్న జనాన్ని చూసి అప్పటికప్పుడు అల్లడమే. మేం క్రౌడ్ వర్క్ అని గొప్పగా చెప్పుకునేది వాళ్ళు ఎప్పట్నుంచో చేస్తున్నారు. మా వరంగల్ నేరెళ్ళ వేణుమాధవ్ గారు ఒక్క గొంతు పట్టుకుని స్టేజీలు ఏలారు, 2001లో పద్మశ్రీ ఇచ్చారు. ("మా వరంగల్" అన్నా గానీ మాది లంగర్‌హౌజే, మిమిక్రీ చేసేవాళ్ళందరికీ వరంగల్ పుట్టిల్లు లెక్క.)

నష్టం గురించి అయితే, మాకు జూమ్ అన్నా ఉంది. జాతరలు, బోనాలే సీజన్‌గా బతికే కళాకారులకి 2020లో బోనాలు ఇళ్ళల్లోనే చేసుకోమన్నప్పుడు ఏముంది? సినిమా కార్మికులకి చిరంజీవి గారు వాళ్ళు సీసీసీ (కరోనా క్రైసిస్ చారిటీ) అని పెట్టి సరుకులు పంచారు, మంచి పని. ఊళ్ళల్లో కథలు చెప్పేవాళ్ళకి, వేషాలు కట్టేవాళ్ళకి అలాంటి సంఘం, లిస్టు, కార్డు ఏమున్నాయని పంచుతారు?

అపోహ: 2021 జూన్ 20న లాక్‌డౌన్ ఎత్తేశారు, ఇంక పాత రోజులే.

సినిమా హాళ్ళకే పర్మిషన్ వచ్చినా ఇది రాసే రోజుకి (2021 జులై) బొమ్మ పడలేదు. మాదీ అంతే. కొండాపూర్‌లో మేం చేసే కేఫ్ అరవై సీట్లు, ఆ జులైలో దూరం దూరం కుర్చీలేస్తే ముప్పై. 199 టికెట్ అయితే 5,970 రూపాయలు, అందులో సౌండుకి, కేఫ్‌కి, టికెట్ల యాప్‌కి పోగా నలుగురు కమెడియన్లు పంచుకుంటే బిర్యానీకి వస్తాయి, సింగిలే. అప్పుడు మూడో వేవ్ అన్నారు, అందుకని నెల ముందు బుకింగ్ ఎవరూ తీసుకోలేదు, మంగళవారం అనుకుని ఆదివారం చేయడమే. కంపెనీలు మాత్రం ఆన్‌లైన్ వదల్లేదు, వాళ్ళకి అది చవక. నవ్వు వినపడాలనుకునేవాళ్ళు మే నెలాఖరు నుంచి క్లబ్‌హౌస్‌లో (గొంతులతోనే కబుర్లు చెప్పుకునే యాప్) చేరారు, ఆండ్రాయిడ్‌కి వచ్చాక తెలుగు రూములు మస్తయినయ్, అక్కడ చప్పట్లంటే మైక్ బటన్ టపటపా ఆన్ ఆఫ్ చేయడం, మిణుగురుల్లా కనపడతాయి. మొహాలు మాత్రం ఉండవు.

జులై మొదటి శనివారం, ఏడాదిన్నర తర్వాత, మనుషుల ముందు నిలబడ్డా. ఇరవై నాలుగు మంది, అందరికీ మాస్కులు. నాకు తెలియని కొత్త ఇబ్బంది అక్కడ ఎదురైంది, మాస్కులో నవ్వు సగం లోపలే ఆగిపోతుంది, బయటికి "మ్ మ్ మ్" అని దుప్పట్లో డబ్బింగ్ చెప్పినట్టు వస్తుంది. మొదటి మూడు నిమిషాలు ఒక్కటీ పేలట్లేదనుకుని నాకు చెమటలు. నాలుగో నిమిషంలో జూమ్ అలవాటు కొద్దీ చెవి వదిలేసి భుజాలు చూశా. ముందు వరసలో ఒకావిడ భుజాలు ఊగుతున్నాయి, కళ్ళజోడు మీద ఆవిరి పట్టి తెల్లగా అయిపోయింది, తీసి చున్నీతో తుడుచుకుంటూ మళ్ళీ నవ్వుతోంది, మళ్ళీ ఆవిరి. ఆవిడ తుడుచుకునేదాకా ఆగి తర్వాతి లైన్ అందుకున్నా.